నొప్పి ఎంత అని అడిగేదెవరు?

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి ఓపీకి వెళ్లినా ఈ ప్రశ్న తప్పదు. "సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే అస్సలు ఓర్చుకోలేనట్టు. మీకు ఎంతుంది?" రోగి ఏదో ఒక అంకె చెబుతారు, నర్సు రాసుకుంటుంది. బీపీ, షుగర్ పక్కన అది కూడా కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. బీపీని, షుగర్‌ని మిషన్ చెప్పింది. ఈ మూడో అంకెను మాత్రం ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పారు. అడిగింది ఎవరు, చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది ఆ కాగితంలో ఉండదు. ఆ రెండూ మారితే అంకె మారుతుంది. కొన్నిసార్లు నొప్పే మారుతుంది. ఆ మార్పు ఆడవాళ్లలో ఒకలా, మగవాళ్లలో మరోలా కనిపిస్తుంది.

దెబ్బ ఎంత పెద్దదైతే నొప్పి అంత ఉంటుందన్న లెక్క రెండో ప్రపంచ యుద్ధంలోనే తప్పింది. ఇటలీ యుద్ధరంగంలో పనిచేసిన అమెరికన్ డాక్టర్ హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడ్డ సైనికుల్లో ఎక్కువమంది నొప్పి మందు అక్కర్లేదన్నారని 1946లో రాశాడు. ప్రాణాలతో ఇంటికి వెళ్తున్నామన్న ఊరట ఆ గాయానికి అర్థాన్నే మార్చేసిందని ఆయన అభిప్రాయం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, శరీరం, మనసుతో పాటు సామాజిక పరిస్థితుల ప్రభావం కూడా నొప్పి మీద ఎంతో కొంత ఉంటుందని వివరణలో చేర్చింది.

ఆడ, మగ శరీరాల మధ్య తేడాలు లేవని కాదు. ల్యాబుల్లో వేడి, చల్లదనం, ఒత్తిడితో చేసే పరీక్షల్లో సగటున ఆడవాళ్లకే నొప్పి ముందు తెలుస్తుంది. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. హార్మోన్ల పాత్ర ఉంది. ఆడ ఎలుకల్లో, మగ ఎలుకల్లో దీర్ఘకాలిక నొప్పిని నడిపే రోగనిరోధక కణాలే వేరని 2015లో తేలింది. కానీ ఈ సగటు తేడా చిన్నది, మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా అంతకంటే చాలా పెద్దది. పైగా ల్యాబులోకి వచ్చేవాళ్లు కూడా ఒక ఇంట్లో, ఒక వీధిలో పెరిగినవాళ్లే.

ల్యాబుల్లో ఎక్కువగా వాడేది ఐసు నీళ్ల పరీక్ష. చల్లటి నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టాలి, నొప్పి మొదలవగానే చెప్పాలి, ఇక నా వల్ల కాదనిపించినప్పుడు తీసేయాలి. 1991లో అమెరికాలో లెవిన్, డి సిమోన్ ఈ పరీక్షలోనే చిన్న మార్పు చేశారు. పరీక్ష నడిపేవాళ్లుగా అందంగా కనిపించే యువతులను, యువకులను విడివిడిగా పెట్టారు. ఎదురుగా అమ్మాయి ఉన్నప్పుడు మగవాళ్లు నొప్పి తక్కువని చెప్పారు. ఆడవాళ్ల జవాబుల్లో అంత స్పష్టమైన తేడా రాలేదు. ఈ ఫలితం చూసి నవ్వుకోని పాఠకులు ఉండరు. అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. ఆ కుర్రాళ్లకు నిజంగానే నొప్పి తగ్గిందా, లేక ఉన్నదాన్ని దాచుకున్నారా?

దీనికి కొంత జవాబు 2007లో నార్వే నుంచి వచ్చింది. అక్కడ చేతికి వేడి తగిలించి, నొప్పి ఎంతో అడగడంతో పాటు గుండె లయ, చర్మంలో చెమట మార్పులు కూడా కొలిచారు. ఆడవాళ్లు పరీక్ష చేసినప్పుడు మగవాళ్లు చెప్పిన నొప్పి తగ్గింది. శరీరం ఇచ్చిన సంకేతాల్లో మాత్రం తేడా లేదు. అంటే నోరు ఒకటి చెప్పింది, గుండె ఇంకోటి చెప్పింది. 2004 నాటి మరో అధ్యయనంలో ఆడా మగా ఇద్దరూ అవతలి లింగం వాళ్లు ఎదుట ఉన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. ఎదుట ఉన్నది అనుభవజ్ఞుడైన నిపుణుడిలా కనిపిస్తే ఇంకాస్త ఎక్కువసేపు ఓర్చుకున్నారు. తెల్లకోటుకు కూడా ఇందులో వాటా ఉందన్నమాట.

ఇదే హైదరాబాద్ ఓపీ గదిలోకి వస్తే సంగతి ఇంకా చిక్కుపడుతుంది. మన దగ్గర రోగి ఒంటరిగా రావడం తక్కువ. అటెండెంట్ ఒకరైనా ఉంటారు, ఒక్కోసారి ముగ్గురు ఉంటారు. వికారాబాద్ నుంచో నల్లగొండ నుంచో వచ్చిన ఆమె "నడుం గుంజుతుంది సార్, రాత్రయితే సలుపుతుంది" అని మొదలుపెట్టేలోపే పక్కనున్న భర్త "నడుం నొప్పి సార్, ఆర్నెల్లయింది" అని ముగిస్తాడు. డాక్టరు అతన్ని అడుగుతాడు, అతను చెబుతాడు, ఆమె తలూపుతుంది. అంకె అడిగితే భర్త మొహం చూసి చెబుతుంది. భర్త వంతు వస్తే కథ తిరగబడుతుంది. "ఏం లేదు సార్, కొంచెం పట్టేసినట్టు ఉంది" అని అతనంటాడు. "కొంచెం ఏంటి, రాత్రంతా నిద్రే లేదు" అని వెనక నుంచి భార్య అందుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ కేస్ షీట్‌లో పడిన అంకె ఒక్కరిది కాదు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లో ఒక ప్రశ్నావళి తయారు చేశారు. నొప్పి విషయంలో ఆడవాళ్లు ఎలా ఉంటారు, మగవాళ్లు ఎలా ఉంటారు అని ఇద్దరినీ అడిగారు. ఆడవాళ్లకు నొప్పి త్వరగా తెలుస్తుందని, ఓర్చుకోవడం తక్కువని, చెప్పుకోవడం ఎక్కువని ఇద్దరూ అన్నారు. తెలుగు ఇళ్లలో అడిగితే జవాబు ఇంత సూటిగా రాదు. "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అన్న మాట ఇక్కడా ఉంది. దాని పక్కనే ఆడపిల్లకు భూదేవంత ఓర్పు ఉండాలన్న మాట కూడా ఉంది. ఓర్చుకోవాల్సింది ఇద్దరూ. మగవాడు ఓర్చుకుంటే అది ధైర్యం, మెచ్చుకుంటారు. ఆడది ఓర్చుకుంటే అది ఆమె పని, ఎవరూ గమనించరు. నెలసరి నొప్పితో కాలేజీ మానేసిన అమ్మాయితో "అందరికీ వచ్చేదేగా" అనేది చాలాసార్లు అమ్మే. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం) లాంటి జబ్బు బయటపడటానికి ఏళ్లు పట్టడంలో స్కానింగ్ దొరకకపోవడంతో పాటు ఈ మాట కూడా ఒక కారణం.

పక్కన మనిషి ఉంటే లోపల ఏం జరుగుతుంది

చెప్పడంలో తేడా ఉంటుందని ఒప్పుకున్నంత తేలిగ్గా, నొప్పే మారుతుందంటే చాలామంది ఒప్పుకోరు. అది వట్టి భ్రమ అంటారు. శరీరంలో దానికి దారి మాత్రం ఉంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. గాయం నుంచి వచ్చే సంకేతం నేరుగా మెదడుకు పోదు, ఆ తలుపు ఎంత తెరిచి ఉంటే అంతే పోతుంది. తలుపును కాస్త మూసేవి రెండు. ఒకటి చర్మం నుంచి వచ్చే స్పర్శ, ఇంకొకటి మెదడు నుంచి కిందికి దిగే ఆజ్ఞలు. వాళ్లు గీసిన బొమ్మలో వివరాలు తర్వాత చాలా మారాయి, మూల భావన నిలబడింది. మెదడు కాండంలోని ఒక భాగం నుంచి వెన్నుపాముకు దిగే నరాలు, శరీరం తానే తయారు చేసుకునే ఎండార్ఫిన్లు కలిసి నొప్పిని కిందే అణచగలవు. 1978లో పన్ను పీకించుకున్నవాళ్ల మీద చేసిన ప్రయోగం దీనికి గట్టి ఆధారం. ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి, మార్ఫిన్ పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇవ్వగానే మళ్లీ పెరిగింది. నమ్మకం శరీరంలో మందులానే పనిచేస్తోందని దాంతో తేలింది.

ధైర్యం, భయం, ఒంటరితనం, భరోసా ఇవన్నీ ఆ పై నుంచి దిగే దారి మీద పనిచేస్తాయి. స్పర్శకు సొంత దారి కూడా ఉంది. చర్మంలో నెమ్మదిగా నిమిరితేనే స్పందించే సన్నటి నరాలు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా పలుకుతాయి. తలనొప్పికి అమ్మ అమృతాంజనం రాసే వేగం దాదాపు అంతే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో మొదలుపెట్టిన ఆ మందులో కర్పూరం, మెంథాల్ చేసే పని కొంత అయితే, రాసే చెయ్యి చేసే పని మరికొంత. ఎవరికి వాళ్లు రాసుకుంటే అంత హాయిగా ఉండదన్నది అందరికీ తెలిసిన విషయమే.

2006లో అమెరికాలో జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్లయిన స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, కరెంటు షాక్ తగలొచ్చని హెచ్చరించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన చలనం తగ్గింది. ముక్కూమొహం తెలియని వ్యక్తి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. దాంపత్యం బాగున్నవాళ్లలో భర్త చెయ్యి ఎక్కువ పనిచేసింది. 2009లో కాలిఫోర్నియాలో చేసిన పరీక్షలో ప్రేమించినవాడి ఫొటో చూసినా నొప్పి తగ్గిందని ఆడవాళ్లు చెప్పారు. 2017లో పావెల్ గోల్డ్‌స్టైన్ బృందం 22 జంటలను పరిశీలించింది. స్త్రీ చేతికి వేడి తగిలించినప్పుడు, భాగస్వామి చెయ్యి పట్టుకుంటే ఇద్దరి ఊపిరీ ఒకే లయలోకి వచ్చింది, ఆమెకు నొప్పి తగ్గింది.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. నొప్పి పడేది స్త్రీ, ఓదార్చేది పురుషుడు. వార్తల్లో బాగా తిరిగిన ఓదార్పు ప్రయోగాల్లో చాలావాటి అమరిక ఇదే. శాస్త్రం తనకు తెలియకుండానే పాత్రలు పంచేసింది. ఇవి చదివి "ఆడవాళ్లకు తోడు కావాలి, మగవాళ్లకు అక్కర్లేదు" అనుకుంటే అది పరిశోధన చెప్పిన మాట కాదు, పరిశోధకులు ఎంచుకున్న ప్రశ్న.

తోడు అందరికీ మేలు చేయదు కూడా. లండన్‌లో 2015లో లేజర్‌తో చేసిన పరీక్షలో, ఎవరి మీదా ఆధారపడటం ఇష్టపడని స్వభావం ఉన్న స్త్రీలకు భాగస్వామి పక్కన ఉంటే నొప్పి పెరిగింది. తన నొప్పి తానే చూసుకునే అలవాటున్న మనిషికి పక్కన ఒకరుంటే అదే ఒక టెన్షన్. మరీ ఎక్కువ శ్రద్ధ ఇంకో రకం ఇబ్బంది. 1980లో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లను ఇంటర్వ్యూ చేస్తూ, అద్దం వెనక నుంచి మీ భార్యో భర్తో చూస్తున్నారని ఒకసారి, వార్డు క్లర్క్ చూస్తున్నాడని ఇంకోసారి చెప్పారు. ఇంట్లో కాలు కింద పెట్టనివ్వని భాగస్వామి ఉన్నవాళ్లు, వాళ్లు చూస్తున్నారనగానే నొప్పి ఎక్కువని చెప్పారు. ఇంట్లో పట్టించుకోనివాళ్లు ఉన్నవాళ్లు, వాళ్ల ముందు తక్కువని చెప్పారు. ఇది నటన కాదు. ఏళ్ల తరబడి ఎవరి దగ్గర మూలిగితే ఏం దొరుకుతుందో శరీరం నేర్చుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నను కుర్చీలోంచి లేవనివ్వని పిల్లలు చేసేది ప్రేమతోనే. కానీ కదలిక తగ్గితే కండ పోతుంది, కండ పోతే నొప్పి పెరుగుతుంది.

ఎలుకల్లోనూ పక్కవాళ్ల ప్రభావం ఉంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం, తోటి ఎలుక నొప్పితో బాధపడుతుంటే చూసిన ఎలుకకు తన నొప్పి కూడా పెరుగుతుందని 2006లో చూపింది. కొత్త ఎలుకైతే అలా జరగలేదు, కలిసి ఉన్న ఎలుకైతేనే జరిగింది. 2010లో ఇంకో సంగతి బయటపడింది. నొప్పితో ఉన్న తోటి ఎలుక దగ్గరికి ఆడ ఎలుకలు వెళ్లి కూర్చున్నాయి, మగవి వెళ్లలేదు. దగ్గర కూర్చున్నకొద్దీ బాధ తగ్గింది. 2014లో వచ్చిన ఫలితం ల్యాబుల్ని కాస్త కంగారు పెట్టింది. ప్రయోగం చేసేది మగవాడైతే, చివరికి మగవాడు వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా, ఆ వాసనకు ఎలుకలు భయపడి, ఆ భయంలో నొప్పి స్పందన తగ్గిపోయింది. అప్పటిదాకా ఆ ల్యాబుల్లో కొలిచిన నొప్పిలో ఎంత మందుది, ఎంత మనిషి వాసనది అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. 2015లో మనుషుల మీద చేసిన ప్రయోగం ఆశ కలిగిస్తుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు కలిసి 15 నిమిషాలు ఒక సంగీతం వీడియోగేమ్ ఆడాక, ఒకరి నొప్పి ఇంకొకరికి తాకడం మొదలైంది. అపరిచితుల దగ్గర ఉండే టెన్షన్ తగ్గితే చాలు, సానుభూతి దానంతటదే వచ్చింది.

అందరి ముందు పడే నొప్పి, ఎవరికీ కనపడని నొప్పి

ఆషాఢ మాసం బోనాల్లో లాల్ దర్వాజా దగ్గరో, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గరో పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, కొరడాతో తన ఒంటి మీద తానే కొట్టుకుంటాడు. డప్పు మోగుతుంటుంది, జనం కేకలు వేస్తుంటారు. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు కదిలినప్పుడు యువకులు ఒళ్లు కొట్టుకుంటూ రక్తం కారేలా మాతం చేస్తారు. ఒకటి సంబరం, ఒకటి శోకం. రెండింటిలోనూ ఆ దెబ్బ గదిలో ఒంటరిగా తగిలితే ఉండే నొప్పి, వీధిలో వందల మధ్య తగిలే నొప్పి ఒకటి కావు. కలిసి చేసే కదలికకు శరీరంలో లెక్క ఉంది. 2010లో ఆక్స్‌ఫర్డ్ పడవ పందెగాళ్లను పరీక్షిస్తే, అంతే శ్రమ ఒంటరిగా చేసినప్పటి కంటే జట్టుగా ఒకే లయలో చేసినప్పుడు నొప్పిని తట్టుకునే హద్దు బాగా పెరిగింది. ఎండార్ఫిన్లు కారణమని ఆ బృందం భావించింది. స్పెయిన్‌లో నిప్పులు తొక్కే పండుగలో గుండె లయలు కొలిస్తే, నిప్పులపై నడిచేవాడి లయకూ, చూస్తున్న బంధువుల లయకూ పొంతన కుదిరింది. ఊరికే చూడటానికి వచ్చినవాళ్ల గుండెలు మామూలుగానే కొట్టుకున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది, అందరూ చూసి దండం పెట్టే నొప్పి ఎక్కువగా మగవాళ్లది. అదే బోనాల్లో నెత్తిన కుండ పెట్టుకుని, చెప్పుల్లేకుండా గంటల తరబడి క్యూలో నిలబడే ఆమె మెడనొప్పిని ఎవరూ నొప్పిగా లెక్కపెట్టరు. నొప్పికి చూసేవాళ్లు ఉంటే దానికి గౌరవం ఉంటుంది, గౌరవం ఉంటే ఓర్పు పెరుగుతుంది. నెలసరి, మైగ్రేన్, వంటింటి నడుంనొప్పి తలుపు వెనక పడేవి. వాటికి ఆ మందు దొరకదు.

చూసేవాళ్ల కళ్లలోనూ తేడా ఉంది. 2019లో అమెరికాలో వేలికి సూది గుచ్చించుకుంటున్న అయిదేళ్ల బిడ్డ వీడియో చూపించారు. కొందరికి అబ్బాయి అని, కొందరికి అమ్మాయి అని చెప్పారు. అబ్బాయి అనుకున్నవాళ్లు నొప్పి ఎక్కువ ఉందన్నారు. వీడియో ఒకటే. 2013లో పోలండ్‌లో చేసిన ప్రయోగంలో, ఇంకొకరు నొప్పి పడటం ముందుగా చూసినవాళ్లకు తమ నొప్పి పెరిగింది. ఆ చూసింది మగవాడినైతే ఇంకా ఎక్కువ పెరిగింది. మగవాడే అబ్బా అన్నాడంటే నిజంగానే నొప్పి ఉన్నట్టు, ఆడది అంటే మామూలే అన్నట్టు మనసు లెక్క వేసుకుంటుంది.

ఈ లెక్క ఎమర్జెన్సీ వార్డులో గడియారం మీద కనిపిస్తుంది. 2008లో వచ్చిన అమెరికన్ అధ్యయనంలో, కడుపునొప్పితో వచ్చినవాళ్లను గమనిస్తే, నొప్పి మందు అందడానికి మగవాళ్లకు 49 నిమిషాలు, ఆడవాళ్లకు 65 నిమిషాలు పట్టింది. చెప్పిన నొప్పి అంకెలు దాదాపు ఒకటే. 2024లో ఇజ్రాయెల్, అమెరికా ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా డిశ్చార్జి రికార్డులు పరిశీలిస్తే, అంతే నొప్పి చెప్పినా ఆడవాళ్లకు నొప్పి మందు రాయడం తక్కువని తేలింది. రాసింది లేడీ డాక్టరైనా తేడా పోలేదు. మన నగరంలో "లేడీ డాక్టర్ అయితే అర్థం చేసుకుంటుంది" అన్న నమ్మకం గట్టిది. సిగ్గు తగ్గి, విషయం పూర్తిగా చెప్పుకోవడానికి అది నిజంగానే ఉపయోగం. మందు రాసే చేతికి మాత్రం ఆడ మగ తేడా లేకుండా ఒకే సమాజం నేర్పింది.

పురిటి గదిలో తోడు

నొప్పికీ హైదరాబాద్‌కూ పాత చుట్టరికం ఉంది. ఆ కాలపు మత్తుమందు క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపాడు. గుండెకు ప్రమాదం లేదన్న ఆయన తీర్పు తర్వాత నిలబడలేదు కానీ, ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్జీ పేరు నిలిచింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తుమందు డాక్టరుగా ఆమెను గుర్తిస్తారు. ఆమె చాలా ఏళ్లు ఈ ఊళ్లో పనిచేసింది.

మత్తుమందు లేకుండా నొప్పిని తగ్గించే సాయం గురించి గట్టి ఆధారాలు ఉన్నది కూడా ఆడవాళ్ల విషయంలోనే, పురిటి గదిలోనే. కాన్పు అయ్యేదాకా పక్కనే ఒక మనిషి ఉంటే ఏమవుతుందన్న దానిపై 15 వేలకు పైగా స్త్రీలతో జరిగిన 26 ట్రయల్స్‌ను 2017లో, వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి చూసే కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది. తోడు ఉన్నవాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువ, నొప్పి మందుల వాడకం తక్కువ, కాన్పు సమయం కూడా కొంత తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, తల్లి కోరుకున్న తోడు ఉండాలని సిఫారసు చేసింది. భారత ప్రభుత్వం 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో బర్త్ కంపానియన్‌ను అనుమతించింది. ఆ తోడు కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయి ఉండాలంది, ఏకాంతం కుదిరే చోట మాత్రం భర్తకూ వీలిచ్చింది. ఒకే గదిలో వరసగా మంచాలుండే వార్డులో భర్తలను రానివ్వడం కష్టమన్నది అర్థమయ్యే సంగతే. ప్రైవేటు ఆసుపత్రుల్లో విడి గది ఉంటే భర్త రావచ్చు. అంటే ఎవరి చెయ్యి పట్టుకోవాలన్నది ఆమె ఇష్టం కంటే గది అద్దె మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

తొలి కాన్పు పుట్టింట్లో అన్న మన ఆచారం ఒక రకంగా తోడును ముందే ఏర్పాటు చేసింది. అమ్మ ఉంటుంది, పిన్నో పెద్దమ్మో ఉంటుంది. అయితే పక్కన ఉండటమే సాయం అనుకోకూడదు. "ఓర్చుకో, అరవకు, పక్క బెడ్ వాళ్లు చూస్తున్నారు" అనే తోడు వేరు, ట్రయల్స్‌లో లెక్కకొచ్చిన తోడు వేరు. అక్కడ తోడుగా ఉన్నవాళ్లు నడుం నిమిరారు, చెయ్యి వదల్లేదు, మంచినీళ్లు ఇచ్చారు, లేపి నడిపించారు, ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పారు, ఆమెకు కావాల్సింది డాక్టరును అడిగారు. ఇవన్నీ కష్టమైన పనులు కావు. వార్డులోకి వచ్చిన అమ్మకు వాటిని చెప్పడానికి నర్సుకు అయిదు నిమిషాలు చాలు, ఆ అయిదు నిమిషాలు దొరికేన్ని తక్కువ బెడ్లు ఆమె చేతిలో ఉంటే.